ఒకే నీటికి రెండు శాసనములా?

ఆంధ్రప్రదేశ్, తెలంగాణ రాష్ట్రముల మత్స్యశాఖామాత్యవర్యుల సముఖమునకు



తుంగభద్రను తనలో గలుపుకొనిన సంగమేశ్వరము మొదలు శ్రీశైలము మీదుగా నాగార్జునసాగరమునకును, అటుపైని పులిచింతలకును సాగిపోవు కృష్ణానదికి నేడు ఎడమయొడ్డు తెలంగాణము, కుడియొడ్డు ఆంధ్రప్రదేశము. ఈ నడుమ నిలిచిన రెండు మహాజలాశయములలో శ్రీశైలము నిండినపుడు 600 చదరపు కిలోమీటర్లకును, సాగరము 280 చదరపు కిలోమీటర్లకును మించి పరచుకొనును. 2014లో రాష్ట్రము రెండుగా చీలినపుడు ఈ నీటిని పంచుటకై మంత్రులును, ఇంజనీర్లును, న్యాయవాదులును పడిన శ్రమ లోకవిదితమే. బచావత్ న్యాయమండలి ఉమ్మడి రాష్ట్రమునకు నిర్ణయించిన 811 టి.ఎం.సీ.లను తాత్కాలికముగా 512, 299 చొప్పున విడదీసిరి. కృష్ణానదీ యాజమాన్య బోర్డు నొకదానిని నెలకొల్పిరి. తూములకును పంపులకును లెక్కలు గట్టిరి. ఆ నీటిలో నున్న చేప యూసు మాత్ర మెవ్వరును ఎత్తరైరి. దానిని పంచలేదని నా ఫిర్యాదు కాదు, అది పంచరాని వస్తువు. ఉమ్మడిగా కాపాడుకొను నేర్పాటైనను చేసికొనలేదు గదా యని నా మొర.

రాజ్యాంగపు ఏడవ షెడ్యూలులో మత్స్యపరిశ్రమ రాష్ట్రజాబితాలోని 21వ అంశము గావున, నది నడిమిగీత కీవల నొక ప్రభుత్వమును ఆవల నొక ప్రభుత్వమును తమతమ ఉత్తర్వులను తాము వెలువరించుకొనుట న్యాయసమ్మతమే. అయితే ఆ గీత పటముమీద నున్నదేగాని నీటిమీద లేదు. తెలంగాణపు దరిని సోమశిలరేవున అధికారుల పడవ కనబడిన రాత్రి దొంగవేటవాని వల ఎదుటి దరినున్న సిద్ధేశ్వరము వైపునకు పోవును. అక్కడ దాడి జరిగిననాడు తిరిగి ఈ దరికి వచ్చును. వలవాని నడిగినచో ఒక దరివారికి తాను రెండవ దరివాడనని చెప్పును. దీనికి తోడు ఈ జలాశయముల తీరములలో హెచ్చుభాగము ఇటు అమ్రాబాదు, అటు నాగార్జునసాగర్-శ్రీశైలము పులుల అభయారణ్యములను ఒరసికొని యున్నందున, అటవీశాఖవారికిని ఇందు పెత్తనము కలదు. ఒక్క వలను పట్టుటకు నాలుగు కార్యాలయములు ఏకము కావలసియుండగా, వలను వేయుటకు మాత్ర మొక్క షాహుకారు చాలును.

ఇట్టి వేటను నియమించు శాసనమే లేదనుట కాదు. మదరాసు సైన్యమున వైద్యుడుగా నుండి పిదప మత్స్యశాస్త్రమున కంకితుడైన ఫ్రాన్సిస్ డే, 1873లో ప్రభుత్వమునకు సమర్పించిన నివేదికలో, సన్నకన్నుల వలలును, పారుదలకు అడ్డముగా నిలిపిన మావులును ఈ దేశపు నదులలోని పిల్లచేపల నెట్లు తుడిచిపెట్టుచున్నవో విస్తరించి చెప్పియుండెను. దొరతనమువారు విని, తలయూపి, ఇరువదినాలుగేండ్లు తర్కించి, తుదకు 1897లో 4వ చట్టమును గావించిరి; తొందరపాటు వారి దోషములలో నొకటి కాదు. ఆ చట్టమునందలి 4వ, 5వ సెక్షన్లు నీట తూటాలు పేల్చుటను, విషము కలుపుటను నిషేధించినవి. 6వ సెక్షను, నేల నాటి కదలకుండ నిలిపిన వలలను బోనులను, అడ్డుకట్టలను, వలల కొలతను, రకమును, వాడుకతీరును నియమించుటకును, ఆవశ్యకమైనచో నొకానొక జలభాగమున రెండేండ్లకు మించకుండ వేటను పూర్తిగా నిలిపివేయుటకును ప్రభుత్వముల కధికార మొసగినది. అనగా వలకన్నును, నిషేధకాలమును గూర్చి నేను కోరబోవునది క్రొత్త యధికారము కాదు. ఆయుధము నూటపాతికేండ్లకు పైగా ఒరలోనే యున్నది.

మొక్కవోయినది అందలి దండన. 6వ సెక్షను క్రింది నియమమును మీరినవానికి మూలశాసనమున విధించిన జుల్మానా నూరు రూపాయలు. మానక చేయుచున్నచో అటుపై దినమునకు పది రూపాయలు. 1897లో నూరు రూపాయలనిన పల్లెకారుని యిల్లు గుల్లచేయు మొత్తము. నేడు లక్షలు పోసి వల దింపినవాడు ఆ నూరు రూపాయలను కూలీల తేనీటిఖర్చు పద్దులో వ్రాసికొని మరచిపోవును.

ఆ వల యెట్టిదో తమకు శాఖవారు చెప్పియే యుందురు. అయినను చదువరులకై యొకింత వివరింతును. అలివివల మన కోస్తాతీరమున పాతది. ఒక కొసను ఇసుకమీద నుంచి, రెండవ కొసను పడవలో నెక్కించుకొని సముద్రములోనికి పోయి, అర్ధచంద్రాకారముగా చుట్టి మరల ఒడ్డునకు తెచ్చి, ఊరిజనము రెండు వరుసలుగా నిలిచి లాగు ఆ పెద్దవల, అలలు ఘోషించు కడలిలో ఒక మేరకు న్యాయమైనదే; ఎంత లాగినను అంతులేని నీరు దాని వెనుక నుండును. నూలుతోను జనపనారతోను వల లల్లుకొను దినములలో తడిసిన వలను ఆరవేయవలెను, కుళ్ళకుండ చెట్టుబెరళ్ళ కషాయమున నానవేయవలెను, చిరిగినచోట కుట్టుకొనవలెను. కావున వల పొడవునకు మానవుని యోపికయే హద్దుగా నుండెడిది. నైలాన్ దారము వచ్చి ఆ హద్దును చెరిపినది. ఇప్పుడా సముద్రపు వలనే దోమతెరవంటి కన్నులతో నల్లించి, కదలని జలాశయమునకు దెచ్చి, వేసవికి నీరు తగ్గి చేప యంతయు మడుగులలోనికి చేరిన దినములలో, రాత్రివేళ పదులకొలది కూలీలచేత నీటి అడుగు నూడ్చునట్లు లాగించుచున్నారు. అందు చిక్కనిది లేదు. బొచ్చెపిల్ల, రాగండిపిల్ల, మోసుపిల్ల, జెల్లలు, పరిగెలు, వాటి కాహారమైన నాచు, నాచును పట్టుకొనియున్న రొయ్యపిల్ల, అన్నియు నొకే కుప్పగా ఒడ్డునకు వచ్చును. ఆ కుప్పలో మనుష్యుడు వండుకొని తినదగినది కొంచెమే. తక్కినదంతయు గట్టుమీద ఎండవేసి, గోతాముల కెత్తి, తూకమునకు అమ్మివైతురు.

ఇచ్చట నొక చిత్రమును మనవిచేయకుండ నుండలేను. తెలంగాణ ప్రభుత్వము 2016-17 మొదలుకొని చెరువులలోను జలాశయములలోను ఉచితముగా చేపపిల్లలను వదలుచున్నది. ఎండిపోవు చెరువులకు 35 మొదలు 40 మిల్లీమీటర్ల పిల్లలు, ఏడాది పొడుగున నీరుండు జలాశయములకు 80 మొదలు 100 మిల్లీమీటర్ల పిల్లలు అని కొలత కూడ నిర్ణయించినారు. పథకము సంకల్పము మంచిది. 1957 జూలై 10న ఒరిస్సాలో హీరాలాల్ చౌధురి మన పెద్దజాతి చేపలచేత పిట్యూటరీ గ్రంథిరసపు సూదిమందుతో గుడ్లు పెట్టించిన పిమ్మటనే గదా ఇంత విత్తనము మన చేతికందినది! కాని ప్రభుత్వపు వ్యయముతో లారీలలో దెచ్చి, శాసనసభ్యులవారి హస్తముల మీదుగా, ఛాయాచిత్రకారుల సమక్షమున నీట విడిచిన నాలుగంగుళముల పిల్ల, కొలది మాసములకే ఒకటి రెండంగుళములు పెరిగి, అలివివలలో చిక్కి, ఎండి, కోళ్ళదాణా యగుచున్నచో, ఆ విత్తనము ఎవరి పొలమున చల్లినట్లు? విత్తనమునకు మిల్లీమీటర్లలో కొలత వ్రాసిన యదే శాఖ, వలకన్నునకును మిల్లీమీటర్లలో కొలత వ్రాసి, రెండింటిని ఒకే ఉత్తర్వులో అచ్చువేయించిన నాడుగాని ఆ పథకమున కర్థము కలుగదు. ఇందు మరియొక సంగతి. నీట వదలు పిల్ల తెలంగాణపుదైనను అది మేత వెదకికొనుచు కర్నూలు, నంద్యాల తీరములకు పోవును. కావున ఆంధ్రప్రదేశపు వల దానిని పట్టినచో పొరుగువారి పెట్టుబడిని పట్టినట్లే, ఆంధ్రప్రదేశము విడిచిన పిల్లను తెలంగాణపు వల పట్టినను అట్లే. ఉభయులును ఒకరి సొమ్ము నొకరు దోచుకొనుచు, ఉభయులును నష్టపోవు నిట్టి వ్యాపారము వేరొకటి నాకు తెలియదు.

దాడులు జరుగుట లేదనను. వలలను పట్టి తెచ్చి రేవులో కుప్పవైచి తగులబెట్టుటయు, మరునాడు పత్రికలలో ఆ మంట బొమ్మను చూచుటయు మనకు పరిపాటియే. నాకు ఆ మంటలయందు విశ్వాసము లేదు. కాలినది వల, వల యజమాని పట్టణములో నుండును. నీటిలో దొరకువారు ఎవరు? ముందుగా బయానా పుచ్చుకొని, ఆ అప్పు తీరువరకు గట్టుమీద గుడిసెలలో కాపురముండి, రాత్రులు చలినీట మెడబంటి నిలిచి లాగు కూలీలు. వారిలో దూరజిల్లాల మత్స్యకారులు కలరు, నల్లమల చెంచులును కలరు. వలను తగులబెట్టినచో దాని వెల వారి యప్పుపద్దున చేరును. కాబట్టి శాసనము వేటగానిని గాక, వేట పెట్టించినవానిని వెదకవలెను. అతడు నీటిలో దొరకడు, గట్టుమీదనే దొరకును. చేపలెండబెట్టు కళ్ళములు దాచిన దాగునవి కావు, వాసనయే వాటిని చెప్పును. ఆ కళ్ళమునకు లైసెన్సు, గోతామునకు రసీదు, లారీకి రవాణాచీటి కావలెనని నియమించి, చీటిలేని ఎండుపిల్లచేపను, దానిని మోయు వాహనమును స్వాధీనము చేసికొను నధికారమును రెండు రాష్ట్రముల తనిఖీకేంద్రములకు నొసగినచో, వల దానంతట నదే చుట్టుకొనిపోవును. బయానా యిచ్చి మనుష్యులను మాసములకొలది కట్టివైచుట వెట్టిచాకిరీ శాసనము క్రిందికి వచ్చు నేరము గావున, దాని విచారణ మత్స్యశాఖకు విడువక రెవెన్యూ అధికారులే చేపట్టవలెను.

అలివివలను తిట్టుచు స్థానికపు బెస్తవానిని, ముదిరాజును, గంగపుత్రుని అదే గాట కట్టుట నేను సహింపను. పుట్టిలో భార్యాభర్త లిరువురు పోయి, సంధ్యవేళ కట్టువల కట్టి, వేకువను తీసికొని వచ్చువారు ఈ నీటిని తరతరములుగా నెరుగుదురు. వారి వల పెద్దకన్నుది. అందు చిక్కునది కిలో, రెండు కిలోల చేప. కన్నునకు మించి చిన్నదైనది దానంతట నది దూరిపోవును. వలకన్ను మహిమ యంతయు నిందే యున్నది. ఎదురెదురు ముడులను బిగియలాగి కొలిచిన యెడము ఇంతకు తగ్గరాదని యొక్కమాట వ్రాసినచో, ఏ చేప బ్రతుకవలెనో వల తానే తీర్పు చెప్పును, కావలివానితో పనిలేదు. రాగండి రెండేండ్లు నిండవచ్చినగాని గుడ్లు పెట్టదు. ఒక్కసారియైనను గుడ్లు పెట్టి పిమ్మట వలలో పడునట్లు కన్నును నిర్ణయించుటకు ఆయా జలాశయములలో చేప యే వయస్సున నెంత పొడవుండునో తెలిసియుండవలెను. ఆ గణనము చేయుటకు బారక్‌పురపు కేంద్రీయ అంతఃస్థలీయ మత్స్యపరిశోధన సంస్థవంటివి దేశమున కలవు. ఒకరు రెండంగుళములనియు నొకరు మూడంగుళములనియు మనస్సునకు తోచిన సంఖ్యను వ్రాసికొనక, ఆ సంస్థవారిచేత కొలిపించి, వచ్చిన సంఖ్యను రెండు గెజెట్టులలోను నొకే దినమున ప్రకటింపుడు.

గాలమును గూర్చి కొంచెము. ఫ్రాన్సిస్ డే నివేదిక వెలువడిన యా 1873లోనే మదరాసు సివిల్ సర్వీసు ఉద్యోగి హెచ్. ఎస్. థామస్ భారతదేశపు గాలపువేటపై పెద్ద గ్రంథమును ప్రకటించెను. నాటినుండి గాలమనిన దొరల వినోదమను భావ మొకటి మన కార్యాలయములలో పాతుకొనిపోయి, ఇప్పటికిని గాలమునకు నియమమే వలదని కొందరు, గాలమే వలదని కొందరు వాదింతురు. నిజమునకు మన చెరువుగట్లమీద ఎరను గ్రుచ్చి కూర్చుండువారిలో దొరలెవ్వరు? పింఛను పుచ్చుకొన్న గుమాస్తా, సెలవునాటి బడిపిల్లవాడు, సాయంకాలపు కూరకు చేపకై వచ్చిన కూలి. వీరికి రుసుము వేయుట క్షుద్రము. అభిరుచికై దూరమునుండి ఖరీదైన కఱ్ఱలతో వచ్చువారి మాట వేరు; వారు అనుమతిపత్రమునకు సొమ్ము చెల్లింపగలరు, ఆ సొమ్ము స్థానిక సహకారసంఘమునకు చెందవలెను. కర్ణాటకమున కావేరి వన్యప్రాణి అభయారణ్యములో భీమేశ్వరి మొదలగు చోట్ల మహసీరును గాలమున పట్టి, తూచి, మరల నీట విడుచు విడుదులు చాలకాలము నడచినవి. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణచట్టము ప్రకారము అభయారణ్యమున గాలము వేయుటయు వేటయే యని తేలుటతో అవి మూతబడినవి. గాలమువారు పోయిన పిమ్మట కావలి పోయి తూటాల వేట పెరిగినదని వారి వాదము. అభయారణ్యమున మినహాయింపు లుండరాదని అటవీశాఖవారి వాదము. నాకు రెండవదియే శాసనమునకు దగ్గరగా తోచుచున్నది; మొదటిదానిలో నిజము లేకపోలేదు. కావేరికే పరిమితమైన ఆ గూనిమహసీరు 2018లో అంతర్జాతీయ జాబితాలలో అత్యంత ప్రమాదస్థితిలోని జాతిగా చేరినది. మన నల్లమల అభయారణ్యముల సరిహద్దులలోపల గాలము వలదు, వెలుపల నుండనిండు. చేపకు కనీసపు పొడవు, మనిషికి దినమున కిన్ని చేపలు అను రెండు నియమములు దానికి చాలును. మూడవది వ్రాయబోయినచో దాని నమలుచేయు మనిషి మీకు లేడు.

ఇక నిషేధకాలము. తొలకరి వానలకు ఎర్రనీరు దిగినపుడు పెద్దజాతి చేపలు ఎదురీదుచు పోయి, పారు నీటిలో గుడ్లు విడుచును. సరిగా అప్పుడే మృగశిరకార్తె. ఆ దినమున చేప తినని యిల్లు తెలంగాణమున అరుదు; రోహిణి యెండలకు వేసారిన దేహమునకు చేప మంచిదని మన పెద్దలు చెప్పినారు, మనము వినుచున్నాము, ఆనాటి బజారులో ధర రెట్టింపగుచున్నది. ఆచారము మానుమని నేననను, నేనును మానలేదు. చెరువులు త్రవ్వి పెంచిన కృష్ణా, గోదావరి జిల్లాల చేప లారీలలో కావలసినంత వచ్చుచున్నది. మృగశిర ముచ్చట దానితో తీరును. నదిలోని తల్లిచేపను ఆ రెండు మూడు మాసములు విడిచిపెట్టుట చాలును. అయితే విడిచిపెట్టుమని యెవరికి చెప్పుచున్నారో, వారి కడుపు మాట యేమి? తూర్పుతీరపు సముద్రమున ఏటేట ఏప్రిల్ 15 మొదలు జూన్ 14 వరకు 61 దినములు యాంత్రికపు పడవల వేట నిలిచియుండును. ఆ కాలమునకై ఆంధ్రప్రదేశ ప్రభుత్వము సముద్రపు మత్స్యకార కుటుంబమునకు 10,000 రూపాయలిచ్చుచుండి, 2025లో దానిని 20,000 చేసినది. నదిమీది పుట్టివానికి ఆ పథకము వర్తింపదు. కేంద్రప్రభుత్వపు పొదుపు-సహాయ పథకమున మత్స్యకారుడు 1,500, ప్రభుత్వములు 3,000 కలిపి మూడు మాసములకు 4,500 రూపాయలు. అనగా నెలకు 1,500. దీనితో సంసారము గడపుమనువారు ఒక నెల గడపి చూపవలెను. బంగ్లాదేశమువారు ధనికులు కారు. అయినను పిల్ల ఇలసను పట్టరాదని నిషేధించిన మాసములలో, నాలుగు నెలలపాటు నెలకు 40 కిలోల బియ్యము చొప్పున మత్స్యకార కుటుంబములకు పంచుచు వచ్చిరి. నిషేధమునకు అన్నము జోడించుట వారు కనిపెట్టిన సూక్ష్మము. అన్నము లేని నిషేధము రాత్రివేటను పెంచునే గాని వేటను తగ్గింపదు.

ఇలస పేరెత్తితిని గావున గోదావరిని దాటిపోరాదు. వరదనీటి కెదురెక్కి వచ్చిన ఇలసయే మనకు పులస. దానికై పుస్తెలమ్మువారి కథ లెల్లరకు తెలిసినవే. 1852లో ముగిసిన ధవళేశ్వరపు ఆనకట్ట దాని పయనమును నిలిపినది. మిగిలిన నీటిలో గుడ్లు పెట్టుటకై వచ్చు ప్రతి చేపను వేలము వేసి తినుచున్నాము. పశ్చిమ వంగము 2013లోనే 23 సెంటీమీటర్లకు తగ్గిన ఇలసను పట్టుటను, అమ్ముటను నిషేధించి, వలకన్ను 90 మిల్లీమీటర్లకు తగ్గరాదనెను. గోదావరి సంగతి మరి యొక లేఖకు తగినది. గౌతమీతీరపు యానాము పుదుచ్చేరి పాలనలోనిదగుటచే అక్కడ చిక్కు ఇంకొక విధమైనది. మచ్చుకు చెప్పితిని.

కృష్ణ విషయమున నా ప్రార్థన యిది. ఉభయ శాఖల కమిషనర్లను, అటవీశాఖవారిని, రెండు తీరముల మత్స్య సహకార సంఘముల ప్రతినిధులను ఒక్క బల్లవద్ద కూర్చుండబెట్టి, వలకన్ను, నిషేధకాలము, లైసెన్సు, దండన ఈ నాలుగును అక్షరాక్షరము ఒక్కటిగా నుండునట్లు రెండు ఉత్తర్వులు వ్రాయింపుడు. ఒక దరి లైసెన్సు రెండవ దరిని చెల్లునా, చెల్లదా యన్నది అందులోనే తేల్చుడు. నా మట్టునకు చెల్లవలెననియే. ఎండుచేపల కళ్ళములపై చర్య ఈ వేసవికే మొదలుపెట్టవచ్చును, దానికి సంయుక్త సమావేశ మక్కరలేదు. దండనలోని నూరు రూపాయలను మార్చుటకు శాసనసభలకు పోవలసియున్నచో వచ్చు సమావేశములలోనే పొండు. ఉత్తర్వు తెలుగులో నుండవలెను. అందును రేవులో చదివినపుడు పుట్టివానికి తెలియు తెలుగులో. సోమశిల, సిద్ధేశ్వరము, ఈగలపెంట, సాగరము మొదలగు ప్రతి రేవునను అనుమతింపబడిన వలకన్ను కొలతకు సరిగా కోసిన యొక లోహపు పలకను గొలుసుతో కట్టియుంచుడు. దానిని వలలో దూర్చి చూచు హక్కు అధికారికే గాక, ఆ రేవున లైసెన్సుగల ప్రతి మత్స్యకారునికిని ఉండవలెను.

ఇట్లు,
విధేయుడు,
కృష్ణాతీరవాసి యొకడు